మంచం మీది నుంచి ఆలోచించిన ఆర్కిటెక్ట్: లారీ బేకర్

సివిల్ ఇంజినీరింగో, ఆర్కిటెక్చరో చదువుతున్న మీకు ముందుగా ఒక ప్రశ్న. ఇక మందులతో నయం కాదని డాక్టర్లు చెప్పేసిన మనిషి కోసం ఒక గది గీయమంటే ఏం గీస్తారు? ఆ మనిషి అక్కడ ఉండేది కొన్ని వారాలో, కొన్ని నెలలో. ఎక్కువసేపు మంచం మీదే. ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు, ఐసీయూ అక్కర్లేదు. నొప్పి తగ్గాలి, గాలి ఆడాలి, ఇంటివాళ్లు పక్కన కూర్చోవడానికి చోటుండాలి, తల తిప్పితే చెట్టో ఆకాశమో కనిపించాలి.

ఇలాంటి చోటును హాస్పిస్ అంటారు. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే డాక్టరమ్మ మొదలుపెట్టిన సెయింట్ క్రిస్టఫర్స్‌ను ఆధునిక హాస్పిస్‌లకు మొదటిదిగా చెబుతారు. మన దగ్గర హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ ఉంది. కేరళలో 1993లో కాలికట్‌లో మొదలైన పాలియేటివ్ కేర్ ఉద్యమం ఊరూరికీ పాకింది. కానీ మైదుకూరులోనో, పులివెందులలోనో ఒక క్యాన్సర్ రోగిని తిరుపతి నుంచో, కర్నూలు నుంచో, వేలూరు నుంచో ఇంటికి తీసుకుపొమ్మని పంపేశాక ఆయన చేరేది ఎక్కడికి? చాలామంది విషయంలో ఒక రేకుల గదికి. మే నెలలో ఆ రేకు కింద పడుకోవడం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ గదిని ఇంతకంటే బాగా, తక్కువ ఖర్చుతో, చుట్టుపక్కల దొరికే రాయి, మట్టితో కట్టొచ్చని జీవితమంతా చేసి చూపించిన ఒక ఇంజినీరింగ్ బుర్ర ఉంది. ఆయన పేరు లారీ బేకర్. హాస్పిస్ అనే పేరుతో ఆయన ఏదీ కట్టలేదు. కానీ ఎవరూ దగ్గరికి రానివ్వని రోగుల కోసం కట్టడంతోనే మన దేశంలో ఆయన పని మొదలైంది. అందుకే ఈ వారం ఆయన గురించి చదవండి. ఇప్పుడు డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు ఆయన కథలో పనికొచ్చేది చాలా ఉంది.

బర్మింగ్‌హామ్ కుర్రాడు

పూర్తి పేరు లారెన్స్ విల్‌ఫ్రెడ్ బేకర్. 1917 మార్చి 2న ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. తండ్రి అక్కడి గ్యాస్ విభాగంలో అకౌంటెంట్. మధ్యతరగతి ఇల్లు, భక్తి గల కుటుంబం. కుర్రతనంలోనే ఆయన క్వేకర్లలో చేరారు. క్వేకర్లంటే ఆడంబరాన్నీ యుద్ధాన్నీ ఒప్పుకోని క్రైస్తవ శాఖ. ఈ రెండు విషయాలూ గుర్తుపెట్టుకోండి. తర్వాత ఆయన తీసుకున్న ప్రతి నిర్ణయంలోనూ ఇవే కనిపిస్తాయి.

బర్మింగ్‌హామ్‌లోనే ఆర్కిటెక్చర్ చదివి 1937లో పట్టా పుచ్చుకున్నారు. అప్పటికి వయసు 20 ఏళ్లు. మీలాగే చేతిలో డిగ్రీ, ఎదురుగా ఉద్యోగాల వేట. ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది.

తుపాకీ పట్టనన్నాడు, మత్తుమందు పట్టాడు

యుద్ధంలో చంపే పని చేయనని చెప్పినవాళ్లకు అప్పట్లో ఇంకో దారి ఉండేది. క్వేకర్లు నడిపే ఫ్రెండ్స్ అంబులెన్స్ యూనిట్‌లో చేరి గాయపడినవాళ్లకు సేవ చేయొచ్చు. బేకర్ అందులో చేరారు. ఆపరేషన్‌కు ముందు మత్తు ఇచ్చే పనిలో శిక్షణ తీసుకున్నారు. అక్కడి నుంచి ఆయన్ని చైనాకు పంపారు.

మొదట యుద్ధంలో దెబ్బతిన్నవాళ్లకు సేవ. తర్వాత లోపలి ప్రాంతంలో కుష్ఠు రోగుల కేంద్రం ఒకటి చూసుకునే బాధ్యత వచ్చింది. ఒక ఆర్కిటెక్ట్ ఏళ్ల తరబడి గీతలు మానేసి కట్లు కట్టాడు, పుళ్లు కడిగాడు. కెరీర్ గ్యాప్ అని మనం భయపడేది ఇదే కదా! రెజ్యూమెలో చూస్తే ఖాళీలాగే కనిపిస్తుంది. కానీ ఒక గదిని రోగి వైపు నుంచి చూడటం ఆయనకు అలవాటైంది అక్కడే. మంచం మీద వెల్లకిలా పడుకున్న మనిషికి రోజంతా కనిపించేది పైకప్పే. ఎండ ఏ వేళకు ముఖం మీద పడుతుందో, ఏ మూల ఉక్కపోస్తుందో, రాత్రి పూట నర్సు అడుగుల చప్పుడు ఎంత దూరం వినిపిస్తుందో డ్రాయింగ్ బోర్డు ముందు కూర్చుంటే తెలియదు. వార్డులో ఏళ్లు గడిపినవాడికి తెలుస్తుంది.

ఓడ ఆలస్యం, గాంధీజీ పరిచయం

ఆరోగ్యం దెబ్బతినడంతో ఆయన్ని ఇంగ్లండ్ వెళ్లిపొమ్మన్నారు. యుద్ధకాలం కాబట్టి ఓడ దొరకడానికి బొంబాయిలో కొన్ని నెలలు ఆగాల్సి వచ్చింది. అక్కడ ఒక క్వేకర్ మిత్రుడి ఇంట్లో దిగారు. ఆ మిత్రుడికి గాంధీజీ తెలుసు. అలా బేకర్ గాంధీజీ సభలకు వెళ్లడం, మాట్లాడటం మొదలైంది. బేకర్ కాళ్లకు చైనా పద్ధతిలో పాత గుడ్డముక్కలతో కుట్టిన చెప్పులుండేవట. అవి గాంధీజీ కంటపడ్డాయనీ, వాటి గురించి ఆరా తీశారనీ చెబుతారు.

ఆ మాటల్లో ఒక ఆలోచన బేకర్ మనసులో పాతుకుపోయింది. పల్లెలో కట్టే ఇల్లు ఆ ఊరికి ఐదు మైళ్ల లోపు దొరికే సామాన్లతోనే కట్టాలన్నది దాని సారాంశం. ఐదు మైళ్లంటే 8 కిలోమీటర్లు. వినడానికి చాదస్తంలా ఉంటుంది. ఆర్కిటెక్చర్ చదివిన బేకర్‌కు కూడా అది పూర్తిగా మింగుడుపడటానికి కొన్నేళ్లు పట్టింది. కానీ ఈ రోజు సస్టెయినబుల్ మెటీరియల్స్ అని మీరు సిలబస్‌లో చదివే పాఠం చాలావరకు ఇదే. దూరం నుంచి తెచ్చే ప్రతి వస్తువుకూ రవాణా ఖర్చు ఉంటుంది. కాల్చి తయారుచేసే ప్రతి వస్తువుకూ ఇంధనం ఖర్చు ఉంటుంది.

డిగ్రీ చాలని చోట

1945లో బేకర్ మళ్లీ మన దేశానికి వచ్చారు. ఈసారి ఉద్యోగం మీద. కుష్ఠు రోగుల కోసం పనిచేసే ఒక అంతర్జాతీయ క్రైస్తవ సంస్థకు ఆర్కిటెక్ట్‌గా. మకాం ఉత్తరప్రదేశ్‌లోని ఫైజాబాద్. పని దేశమంతా.

ఆ పని ఏమిటో కొంచెం వివరంగా చూడాలి. అంతకుముందు కుష్ఠుకు గట్టి మందు లేదు. రోగుల్ని ఊరికి దూరంగా గోడల మధ్య పెట్టేవారు. చికిత్స కంటే వాళ్లను విడిగా ఉంచడం కోసమే కట్టిన చోట్లు చాలా ఉండేవి. లోపలికి పోయినవాళ్లు చాలామంది చనిపోయేదాకా అక్కడే. దీనికి మినహాయింపులు మన తెలుగు నేలమీద కూడా ఉన్నాయి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసాబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ వందేళ్ల కిందటే కుష్ఠుకు వైద్యం చేసే ఆసుపత్రి నడిపారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగుల శానిటోరియం కూడా ఆ కాలానిదే. మందుల్లేని ఆ రోజుల్లో మంచి గాలి, వెలుతురు, విశ్రాంతే క్షయకు వైద్యం. అందుకే అలాంటి శానిటోరియాలను ఊరి రద్దీకి దూరంగా, గాలి బాగా ఆడే చోట కట్టేవారు.

1940ల్లో కుష్ఠుకు కొత్త మందులు వచ్చాయి. నయమయ్యే జబ్బు అని తేలింది. దాంతో ఆ పాత నిర్బంధ గృహాలను నిజమైన ఆసుపత్రులుగా మార్చాలి. బేకర్‌కు అప్పగించిన పని అదే. మనిషిని దాచిపెట్టడానికి కట్టిన భవనాన్ని మనిషిని చూసుకునే భవనంగా మార్చడం.

వచ్చీ రాగానే ఆయనకు ఒక విషయం తెలిసిపోయింది. తాను నేర్చుకున్న చదువు ఇక్కడ సగం కూడా పనికిరాదు. ఇంగ్లండ్‌లో చెదపురుగుల గురించి ఎవరూ చెప్పలేదు. నెలల తరబడి కురిసే వాన గురించి చెప్పలేదు. మట్టి గోడ, పేడ అలుకు, లేటరైట్ రాయి, తాటాకు కప్పు ఏ పుస్తకంలోనూ లేవు. ఆయన వెంట తెచ్చుకున్న పుస్తకాలను పక్కనపెట్టి ఊరి మేస్త్రీల దగ్గరికి వెళ్లారు. ఈ గోడ ఇంత మందం ఎందుకు? ఈ చూరు ఇంత కిందికి ఎందుకు దిగింది? కిటికీ ఈ దిక్కునే ఎందుకు పెట్టారు? చాలా ప్రశ్నలకు గట్టి జవాబులే దొరికాయి. వందల ఏళ్లు తప్పులు చేసి, సరిదిద్దుకుని, జనం తేల్చుకున్న జవాబులు అవి.

ఇక్కడ మీరు ఒక్క నిమిషం ఆగండి. క్యాంపస్ ఇంటర్వ్యూలకు తయారవుతూ మనం ఎంతసేపూ మనకు తెలిసిన వాటి జాబితా రాసుకుంటాం. బేకర్ మాత్రం తనకు తెలియని వాటి జాబితా రాసుకుని, అవి తెలిసినవాళ్లు ఎవరో వెతికాడు. వాళ్లలో ఎక్కువమందికి చదువే లేదు.

పెళ్లి, కొండ, ఆసుపత్రి

ఫైజాబాద్‌లో ఆయన ఒక మలయాళీ డాక్టరు ఇంట్లో ఉండేవారు. ఆ డాక్టరు చెల్లెలు ఎలిజబెత్ జేకబ్. ఆమె కూడా డాక్టరే. అదే సంస్థ తరఫున హైదరాబాద్‌లో పనిచేసేవారు. అన్నకు పెద్ద ఆపరేషన్ జరిగినప్పుడు చూసుకోవడానికి ఆమె ఫైజాబాద్ వచ్చారు. పరిచయం ప్రేమైంది. రెండు వైపులా పెద్దలకు నచ్చలేదు. తొందరపడకుండా ఆగి, 1948లో పెళ్లి చేసుకున్నారు.

పెళ్లయ్యాక హిమాలయాల్లోని పిథోరాగఢ్ వెళ్లారు. ఇప్పుడది ఉత్తరాఖండ్‌లో, నేపాల్ సరిహద్దు దగ్గర ఉంది. వచ్చినావిడ డాక్టరని తెలియగానే కొండ జనం జబ్బులతో బారులు తీరారు. చుట్టుపక్కల ఇంకో దిక్కు లేదు. కొద్ది రోజుల విహారానికని వెళ్లినవాళ్లు 1963 వరకు అక్కడే ఉండిపోయారు. కొండవాలు మీద ఇల్లు కట్టుకున్నారు, ఆసుపత్రి కట్టారు. ఆమె వైద్యం చేస్తే, అవసరమైనప్పుడు ఆయన మత్తు ఇచ్చి, నర్సు పని కూడా చేసేవారు.

ఆ ఆసుపత్రికి సిమెంటు ఎక్కడి నుంచి వస్తుంది? అప్పట్లో అక్కడికి మనిషి చేరడమే కష్టం. కాబట్టి కొండ రాయి, మట్టి, అక్కడి చెక్క. కొండను చదును చేయకుండా, వాలు ఎలా ఉంటే భవనం అలా మెట్లుమెట్లుగా దిగుతుంది. గాంధీజీ చెప్పిన ఐదు మైళ్ల మాట ఇక్కడ బేకర్‌కు ఆదర్శం కంటే అవసరం అయ్యింది. లేనప్పుడు ఉన్నదానితో కట్టాలి. ఉన్నదానితో కడితే బాగుంటుందని కూడా తేలింది. వచ్చే రోగికి అది తన ఇల్లులాగే కనిపించింది. అలవాటైన రాయి, అలవాటైన గుమ్మం. ఆసుపత్రి అంటే భయపడే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

తిరువనంతపురంలో రెండో ఇన్నింగ్స్

తర్వాత ఈ దంపతులు కేరళకు వచ్చారు. మొదట వాగమన్ కొండల్లో, ఆ తర్వాత తిరువనంతపురంలో స్థిరపడ్డారు. అప్పటికి బేకర్ వయసు 50 దాటింది. ఆయన పేరు దేశానికి తెలిసింది ఇక్కడి పనులతోనే. కాబట్టి 25 ఏళ్లకే సెటిల్ కాలేదని దిగులు పడకండి.

1970ల మొదట్లో ఆర్థికవేత్త కె.ఎన్.రాజ్ తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ పెట్టారు. ముఖ్యమంత్రి సి.అచ్యుత మీనన్ అండగా నిలిచారు. ఆ క్యాంపస్ కట్టే పని బేకర్‌కు ఇచ్చారు. పూత పూయని ఇటుక గోడలు, చిల్లుల జాలీలు, చెట్టుకు అడ్డొస్తే పక్కకు వంగి పోయే గోడలు. అప్పటి మామూలు ప్రభుత్వ భవనాల కంటే బాగా తక్కువ ఖర్చుతో అయిపోయింది. తిరువనంతపురం బస్టాండ్, రైల్వేస్టేషన్ల దగ్గర గుండ్రంగా పైకి తిరిగే ఇండియన్ కాఫీ హౌస్ ఆయనదే. మత్స్యకారులకు ఇళ్లు కట్టారు. నాలాంచిరలో రాతి గుట్ట మీద తన ఇల్లు పాత చెక్క, విరిగిన పెంకు, సీసా ముక్కలతో ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కట్టుకుంటూ పోయారు.

ఆయన పని పద్ధతి కూడా వేరే. పెద్ద ఆఫీసు లేదు. పాత కవర్ల వెనక, వాడేసిన కాగితాల మీద గీసేవారు. రోజూ సైటుకు వెళ్లేవారు. మేస్త్రీతో కలిసి గోడ దగ్గర నిలబడి అప్పటికప్పుడు మార్చేవారు. ఖర్చు ఎలా తగ్గించాలో మామూలు జనానికి అర్థమయ్యేలా బొమ్మలు గీసి, చేత్తో రాసి చిన్న పుస్తకాలు వేశారు. 1985లో అచ్యుత మీనన్, రాజ్ లాంటి వాళ్లతో కలిసి కాస్ట్‌ఫోర్డ్ అనే సంస్థను మొదలుపెట్టారు. అది ఇప్పటికీ ఈ పద్ధతుల్లో ఇళ్లు కడుతూనే ఉంది. 1980ల చివర్లో భారత పౌరసత్వం వచ్చింది. 1990లో పద్మశ్రీ ఇచ్చారు. 2007 ఏప్రిల్ 1న, 90 ఏళ్ల వయసులో తిరువనంతపురంలోని ఇంట్లోనే కన్నుమూశారు. మీలో చాలామంది అప్పటికి ఇంకా పుట్టలేదు, పుట్టినా ఊయల్లోనే ఉన్నారు.

ఆయన లెక్కలు మీ సిలబస్‌లోవే

బేకర్‌ది ఏదో కళాకారుడి పిచ్చి అనుకోకండి. ఆయన పద్ధతుల వెనక మీరు సెకండియర్‌లో చదివిన స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ఉంది.

మొదటిది ర్యాట్ ట్రాప్ బాండ్. మామూలుగా ఇటుకను పడుకోబెట్టి పేరుస్తాం. ఇందులో ఇటుకను అంచు మీద నిలబెట్టి, రెండు వరసల మధ్య ఖాళీ వదులుతారు. గోడ మందం తొమ్మిది అంగుళాలే ఉంటుంది. ఇటుకలు మాత్రం దాదాపు నాలుగో వంతు మిగులుతాయి. మధ్యలో ఉన్న గాలి వేడిని అంత తేలిగ్గా లోపలికి పోనివ్వదు.

రెండోది ఫిల్లర్ స్లాబ్. స్లాబ్ మీద బరువు పడితే పైభాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది. సాగే చోట కాంక్రీటు చేసే పని తక్కువ, ఆ భారం స్టీలు మోస్తుంది. అంటే కడ్డీల మధ్య కింది భాగంలో ఉన్న కాంక్రీటు ఎక్కువగా చచ్చు బరువే. అక్కడ పాత పెంకులు ఇరికిస్తే కాంక్రీటు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, దాంతో స్టీలూ తగ్గుతుంది. కింది నుంచి చూస్తే ఆ పెంకులు వరసగా కనిపిస్తాయి. పడుకున్న రోగి రోజంతా చూసేది పైకప్పునే అన్నాం కదా. తెల్ల సున్నం వేసిన చదును స్లాబ్ కంటే ఇది కంటికి ఎంతో నయం.

మూడోది జాలీ. కిటికీకి చెక్క, గ్లాసు, ఇనుప ఊచలు అన్నీ ఖర్చే. ఇటుకల మధ్య చిల్లులు వదిలేస్తే వెలుతురు, గాలి వస్తాయి, భద్రత కూడా ఉంటుంది. నేల మీద ఎండ చుక్కలు చుక్కలుగా పడి, పొద్దు కదిలే కొద్దీ అవీ కదులుతాయి. గడియారం చూడలేని మనిషికి కూడా పొద్దెంతైందో తెలుస్తుంది.

ప్రకృతి కనిపిస్తే రోగికి నిజంగా మేలా అని అడుగుతారేమో. 1984లో రోజర్ ఉల్రిక్ అనే అమెరికన్ పరిశోధకుడు సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు తీశాడు. సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు చూసినవాళ్లు త్వరగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. అది చిన్న అధ్యయనమే. కానీ ఆసుపత్రి డిజైన్ చేసేవాళ్లు ఈనాటికీ దాని గురించి మాట్లాడతారు. బేకర్‌కు ఈ సంగతి వార్డులోనే తెలిసింది.

మైదుకూరులో కట్టాలంటే?

ఇప్పుడు అసలు పరీక్ష. బేకర్ డిజైన్‌ను కాపీ కొట్టి మైదుకూరులో పెడితే పనిచేస్తుందా? చేయదు. కేరళలో ఉక్క ఎక్కువ, కాబట్టి గాలి పగలూ రాత్రీ ఆడాలి. అందుకే అన్ని జాలీలు. మన దగ్గర మే నెలలో 40 డిగ్రీలు దాటిన వడగాలి. పడమటి గోడ నిండా జాలీ పెడితే రోగి ముఖం మీదికి నిప్పు, దుమ్ము రెండూ వస్తాయి. మంగళూరు పెంకులు కూడా మన చుట్టుపక్కల తయారు కావు.

బేకర్ పద్ధతి ప్రకారం అయితే మొదట చూడాల్సింది, ఇక్కడి పాత ఇళ్లు ఎలా ఉన్నాయని. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పల్లెల్లో ఇంకా మట్టి మిద్దెలు కొన్ని మిగిలాయి. మందపాటి రాతి గోడ, మట్టితో కట్టింది. దూలాల మీద దంతెలు, వాటి మీద బండలో చెక్కలో, ఆపైన మట్టి, చివరగా నీరు దిగకుండా చౌడు. కిటికీలు చిన్నవి. మధ్యలో గాలీ వెలుతురూ వచ్చే ఖాళీ. పగటి వేడిని ఆ మందపాటి గోడ పీల్చుకుని లోపలికి చేరనివ్వడానికి చాలా గంటలు తీసుకుంటుంది. అప్పటికి పొద్దు గూకుతుంది. రాత్రి తలుపులు తెరిస్తే చల్లగాలి ఆ గోడను మళ్లీ చల్లారుస్తుంది. దీన్నే మీ పుస్తకంలో థర్మల్ మాస్ అంటారు.

ఇక రాయి సంగతి చెప్పాలా? ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల నుంచి కడప బండ దేశమంతా పోతోంది. బెంగళూరులో వంటగట్టుకు వేసుకునే ఆ రాయి మనకు గడప దగ్గరే దొరుకుతుంది. నేలకు, కప్పుకు, అరుగుకు, కిటికీ మీద నీడ పట్టే సజ్జకు అదే వాడొచ్చు. గనుల దగ్గర పడి ఉండే తునక రాళ్లతో గోడలు కట్టొచ్చు.

అలాగని పాత మిద్దెను ఉన్నదున్నట్టు కట్టమని కాదు. మట్టి మిద్దెకు వానాకాలం ముందు చౌడు వేయకపోతే కారుతుంది. రోగులుండే చోట ఏటా ఆ పని చేసేవాళ్లు ఉండాలి, లేదంటే కప్పు పద్ధతి మార్చాలి. స్నానాల గది, డ్రెస్సింగ్ గది గోడలు నీళ్లతో కడిగేలా ఉండాలి. అక్కడ టైల్స్ వేయాల్సిందే. మట్టి గోడ అందంగా ఉంటుందని ఇన్‌ఫెక్షన్‌ను ఆహ్వానించలేం. ఏది ఎక్కడ వాడాలో తేల్చుకోవడమే ఇంజినీరు పని.

మిగతాదంతా మంచం దగ్గర మొదలవుతుంది. పడుకున్నవాళ్లకు బయట కనిపించాలంటే కిటికీ అడుగుభాగం మామూలు మూడడుగుల ఎత్తులో కాకుండా ఇంకా కిందికి రావాలి. మంచాన్ని చక్రాల మీద అలాగే వసారాలోకి నెట్టాలంటే తలుపు నాలుగడుగుల వెడల్పు ఉండాలి, గడప ఉండకూడదు. వసారా ముందు వేప, కానుగ లాంటి నీడనిచ్చే చెట్టు. చూడటానికి వచ్చిన చుట్టాలు పదిమంది కూర్చునే అరుగు, వాళ్లు వండుకునే చిన్న వంటగది. మన దగ్గర మనిషి చివరి రోజుల్లో ఒంటరిగా ఉండడు. ఇంటిల్లిపాదీ వస్తారు, ఊరంతా పలకరించి పోతుంది. విజిటింగ్ అవర్స్ బోర్డు పెట్టిన భవనం ఇక్కడ పనికిరాదు.

ఈ దారిలో వెళ్లాలంటే

ఇంటర్ చదువుతున్నవాళ్లయితే బి.ఆర్క్‌కు నాటా గానీ, జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ గానీ రాయాలి. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ ఉంది. కడపలోనే ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఏ కాలేజీలో చేరినా ఆ కోర్సుకు ఆ ఏడాది కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోండి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్‌లో నమోదైతేనే ఆర్కిటెక్ట్ అని చెప్పుకునే హక్కు ఉంటుంది.

బీటెక్ సివిల్ పూర్తయినవాళ్లకు వేరే దారులున్నాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ పరీక్షలు నిర్వహిస్తుంది. గృహ రేటింగ్ పద్ధతి నేర్చుకోవచ్చు. చేతులకు మట్టి అంటాలనుకుంటే ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ మట్టి ఇటుకల మీద శిక్షణ ఇస్తుంది. కాస్ట్‌ఫోర్డ్ లాంటి సంస్థల్లో ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించవచ్చు. ఒక మాట ముందే తెలుసుకోండి. ఈ రంగంలో మొదటి జీతం సాఫ్ట్‌వేర్ ఆఫర్ లెటర్‌తో పోటీ పడదు. ఇంట్లో అప్పు, ఫీజు బాకీలు ఉంటే మొదట ఏదో ఒక ఉద్యోగంలో చేరి, శని ఆదివారాలు ఈ పని నేర్చుకోవడం కూడా మంచి దారే. బేకర్ కూడా మొదట జీతానికే వచ్చాడు.

ఇంటర్వ్యూలో చూపించడానికి సర్టిఫికెట్ కంటే గట్టిది ఒకటి మీ ఊళ్లోనే తయారుచేసుకోవచ్చు. మీ పల్లెలో ఒక పాత మిద్దె ఇల్లు, ఒక రేకుల ఇల్లు ఎంచుకోండి. రెండు మామూలు థర్మామీటర్లు కొనండి. వారం రోజులు ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా రెండు గంటలకోసారి లోపలి వేడి, బయటి వేడి రాసుకోండి. గోడ మందం, కిటికీ ఎత్తు, కప్పు ఎత్తు కొలవండి. ఆ ఇల్లు కట్టిన మేస్త్రీ గానీ, ఆయన కొడుకు గానీ ఉంటే వెళ్లి మాట్లాడండి. తర్వాత మీ పీహెచ్‌సీకి వెళ్లి అక్కడి సిస్టర్‌ను అడగండి, మంచాన పడ్డవాళ్లను చూసుకునేటప్పుడు ఇంట్లో ఏది ఎక్కువ ఇబ్బంది పెడుతుందని. ఆ జవాబులన్నీ పెట్టుకుని ఒక్క గది గీయండి. నాలుగు మంచాలు, ఒక వసారా, ఒక చెట్టు చాలు. అంచనా ఖర్చు కూడా వేయండి.

ఆ కాగితం పట్టుకుని ఏ ఆఫీసుకు వెళ్లినా మీతో మాట్లాడటానికి వాళ్లకు ఒక విషయం ఉంటుంది. ఉద్యోగం వచ్చినా రాకపోయినా, మీ ఊళ్లో ఎవరైనా మంచాన పడ్డవాళ్లు రేకుల గదిలో ఉన్నారని తెలిసిన రోజున ఏం చేయాలో మీకు ముందే తెలిసి ఉంటుంది.